రామః రామౌ రామాః... ఆ తర్వాత?

గురువు దగ్గర కూర్చునే తీరిక లేనివాళ్లు సంస్కృతం సొంతంగా నేర్చుకోవచ్చా? తెలుగు బడిలో చదివినవాళ్లకైతే కొంత దారి అప్పుడే పూర్తయింది.

ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకున్నవాళ్లు మన ఊళ్లలో వీధికొకరు దొరుకుతారు. మార్కులు బాగా పడతాయని సీనియర్లు చెబితే తీసుకున్నారు, పడ్డాయి కూడా. జవాబులు తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో రాసేసే వీలుండటంతో భాష రాకుండానే పరీక్ష గట్టెక్కింది. ఆ మనిషే నలభై దాటాక ఏ ప్రవచనమో వింటూ, ఆ శ్లోకం తనంతట తనకే అర్థమైతే బాగుండునని అనుకుంటాడు. అసలు చదువు అక్కడ మొదలవుతుంది.

పాత పద్ధతిలో నామరూపాల శబ్దమంజరి, క్రియారూపాల ధాతురూపావళి, పర్యాయపదాల అమరకోశం కంఠస్థమయ్యాకే కావ్యం. ఎనిమిదేళ్ల పిల్లవాడికి, ఎదుట గురువు ఉన్నప్పుడు అంతకు మించిన పద్ధతి లేదు. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి తొమ్మిదింటికి పుస్తకం పట్టేవాడు అలా మొదలుపెడితే హరి శబ్దం దగ్గరే ఆగిపోతాడు.

రెండో దారి సంభాషణ. 1981లో బెంగళూరులో మొదలైన సంస్కృత సంభాషణ ఉద్యమాన్ని సంస్కృత భారతి నడిపిస్తోంది. వాళ్ల పది రోజుల శిబిరంలో ఎదుటివాణ్ని ‘భవాన్’, ‘భవతీ’ అని ప్రథమపురుషలోనే పలకరిస్తారు, మధ్యమపురుష బెడద ఉండదు. జరిగిన పనికి ‘గతవాన్’, ‘గతవతీ’ అంటే సరిపోతుంది, భూతకాల లకారాలతో, అంటే భూతకాల క్రియారూపాలతో, పని లేదు. తెలివైన కోత ఇది. నోరు తిరుగుతుంది, భయం పోతుంది. అయితే శిబిరం నుంచి నేరుగా రామాయణానికి వెళ్తే ఉవాచ, జగామ, బభూవ ఎదురవుతాయి. అవి లిట్ అనే భూతకాల లకారపు రూపాలు, శిబిరంలో కనబడనివి. మాట్లాడటం వచ్చింది కదా, చదవడం ఎందుకు రావట్లేదని చాలామంది దిగులుపడేది ఇక్కడే.

ఇక ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాలు. వాటిలో చాలావరకు లిపి, ఒత్తక్షరాలు, సంధి అనే ఊహ ఏవీ తెలియని విద్యార్థి కోసం రాసినవి. మనకు ఆ పేజీలు అక్కర్లేదు.

బళ్లో నేర్చిందే పెట్టుబడి

సవర్ణదీర్ఘ, గుణ, వృద్ధి, యణాదేశ సంధులు పదో తరగతి లోపే తెలుగు వ్యాకరణం కింద చదివేశాం. బహువ్రీహికీ కర్మధారయానికీ విగ్రహవాక్యాలు రాశాం. లిపి కోసమూ ఆగక్కర్లేదు. సంస్కృతం రాయడానికి కావలసిన అక్షరాలన్నీ తెలుగులో ఉన్నాయి. మద్రాసులో వావిళ్లవారు సంస్కృత గ్రంథాలను తెలుగు లిపిలోనే అచ్చువేసి తరతరాల పండితులకు అందించారు. నిఘంటువుల కోసం నాగరి కూడా పక్కనే నేర్చుకోండి, దాని వంకతో మొదటి పాఠం మాత్రం వాయిదా వేయొద్దు.

మనకు కొత్త నామరూపాలు, ద్వివచనం, క్రియ. రామ శబ్దానికి ఎనిమిది విభక్తులు, మూడు వచనాలు కలిపి 24 గడులు. కంగారుపడే ముందు ఒకసారి లెక్కపెట్టండి: వేర్వేరు రూపాలు 17 మాత్రమే. ద్వివచనంలో ఎనిమిది గడులనూ రామౌ, రామాభ్యాం, రామయోః అనే మూడే పంచుకున్నాయి. చతుర్థికీ పంచమికీ బహువచనం ‘రామేభ్యః’ ఒక్కటే. ఇవి నోటికొస్తే దేవ, నృప, వృక్ష, బాల వంటివన్నీ అదే అచ్చు. ‘రామేణ’లోని ణకారం ‘బాలేన’లో నకారమవుతుంది, అంతే తేడా. ‘ఫల’ వంటి నపుంసకాలు కూడా తృతీయ నుంచి సప్తమి దాకా ఇదే బాట. ఆ తర్వాత సీతా శబ్దం, తద్, అస్మద్, యుష్మద్ అనే సర్వనామాలు చాలు. మిగతావి పాఠంలో తగిలినప్పుడు శబ్దమంజరిలో చూసుకోవచ్చు.

లకారాలు పది ఉన్నా మొదట లట్ (వర్తమానం), లఙ్ (భూతం), లృట్ (భవిష్యత్తు), లోట్ (ఆజ్ఞ), విధిలిఙ్ (‘చేయాలి’ అనే అర్థం) పట్టుకోండి. లిట్‌లో తరచుగా వచ్చే పదీ పన్నెండు ప్రథమపురుష రూపాలు విడిగా రాసి పెట్టుకోండి. ‘వెళ్లి, చూసి, విని’ అని తెలుగులో మనం వాక్యం నడిపినట్టే సంస్కృతంలో క్త్వా, ల్యప్ ప్రత్యయాలు కథను నడుపుతాయి. తెలుగువాడికి ఇది కలిసొచ్చే చోటు.

నిఘంటువు దగ్గర ఒక చిక్కుంది. ‘తిష్ఠతి’కి అర్థం ‘స్థా’ కింద, ‘పిబతి’కి ‘పా’ కింద ఉంటుంది. ధాతువు తెలియకపోతే వెతుకులాట తెగదు. ఆప్టే నిఘంటువూ, 1899 నాటి మోనియర్ విలియమ్స్ నిఘంటువూ కొలోన్ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి.

పాణిని జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లొద్దు. దాదాపు నాలుగు వేల సూత్రాల అష్టాధ్యాయిని ఒంటరిగా దాటడం అయ్యే పని కాదు, అక్కడ గురువు కావాల్సిందే.

చదవడానికి నా ఓటు సంక్షేప రామాయణానికి. నారదుడు వాల్మీకికి కథంతా చెప్పే బాలకాండ మొదటి సర్గ, సుమారు నూరు శ్లోకాలు. కథ ముందే తెలుసు కాబట్టి మనసు వ్యాకరణం మీద నిలుస్తుంది. ఇంట్లో ప్రతిపదార్థం ఉన్న రామాయణం ఉంటే ఈ ఆదివారమే తీయండి. తాత్పర్యం మీద కాగితం కప్పి, పదాలు విడదీసి, ముందు క్రియను, తర్వాత కర్తను వెతకండి. విశేషణాలు ఎవరివో తేల్చి అన్వయం రాశాకే కాగితం తీసి సరిచూసుకోండి. రోజుకొక్క శ్లోకం చాలు, రెండోదానికి తొందరపడకండి.