పోస్టర్‌లో ఏం ఉండకూడదో ముందు రాసుకుంటాను

ఏప్రిల్ 14 దగ్గరపడుతుంటే నా ఫోన్‌కి విరామం ఉండదు. "అన్నా, రేపు పొద్దున్నకి పోస్టర్ కావాలి, మ్యాటర్ వాట్సాప్‌లో పెడతా" అంటారు తమ్ముళ్లు. డిజైన్ నేర్చుకోవాలనుకునే విద్యార్థులైతే "ఏ సాఫ్ట్‌వేర్ వాడతావన్నా?" అని అడుగుతారు. సాఫ్ట్‌వేర్ ఆఖరి సంగతి. నా పని ఒక తెల్ల కాగితంతో మొదలవుతుంది. ఈ పోస్టర్‌లో ఏం ఉండకూడదో ముందుగా దాని మీద రాసుకుంటాను. ఈ అలవాటు నేను చేసిన ఒక తప్పు వల్ల వచ్చింది.

నేను పని నేర్చుకుంది ఫ్లెక్స్ షాపులో. పుట్టినరోజులు, పెళ్లిళ్లు, నాయకులకు స్వాగతాలు చేసిన చేత్తోనే ఒక సంస్మరణ సభకి ఫ్లెక్సీ చేశాను. కులదాడిలో చనిపోయిన కుర్రాడి సభ అది. ఆసుపత్రిలో తీసిన శవం ఫొటో పెట్టాను. చుట్టూ ఎరుపు, నెత్తురు కారుతున్నట్టు అక్షరాలు. చూసినవాళ్లకి కోపం రావాలన్నదే నా ఆలోచన. సభలో ఆ కుర్రాడి తల్లి ఫ్లెక్సీకి వీపు పెట్టి కూర్చుంది. చివర్లో నన్ను పిలిచి, "నా బిడ్డ ఇరవై నాలుగేళ్లు బతికాడయ్యా. మీకు ఆ ఒక్కరోజే దొరికిందా?" అంది.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి నేను పని చేసే పద్ధతి మారింది.

ముందు వినాలి, తర్వాత ఒక్క వాక్యం

ఎవరైనా పోస్టర్ అడిగితే మూడు ప్రశ్నలు వేస్తాను. దీన్ని ఎవరు చూడాలి? ఎక్కడ నిలబడి చూస్తారు? చూశాక ఏం చేయాలి? సభకి రమ్మని పిలవడం వేరు, కేసు పెట్టమని డిమాండ్ చేయడం వేరు, చనిపోయినవాళ్లని తలచుకోవడం వేరు. మూడూ ఒకే పోస్టర్‌లో పెడితే ఏదీ మిగలదు. వచ్చిన మ్యాటర్ 200 మాటలున్నా దాన్ని ఒక్క వాక్యానికి తెచ్చేదాకా కంప్యూటర్ ముందు కూర్చోను. తర్వాత పెన్సిల్‌తో అగ్గిపెట్టెంత గడులు గీసి, పది రకాలుగా అమర్చి చూస్తాను. ఆ చిన్న గడిలో అర్థం కానిది పెద్ద ఫ్లెక్సీలోనూ అర్థం కాదు.

ఫొటో ఎవరిది, ఎవరిని అడిగాం?

శవం ఫొటో పెట్టకూడదన్నది నా కాగితం మీద మొదటి గీత. రెండోది, ఇంటివాళ్లని అడగకుండా ఏ ముఖమూ పెట్టకూడదు. కొన్నిచోట్ల అడిగినా పెట్టకూడదు. లైంగిక హింసకి గురైనవాళ్ల పేరు, ఫొటో, గుర్తుపట్టగల ఏ వివరం ప్రచురించినా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో చట్టం సెక్షన్ 23 ఉంది. న్యాయం కోసం వేసిన పోస్టరే బాధితుల గుట్టు బయటపెడితే, ఊళ్లో ఆ కుటుంబం మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. అలాంటప్పుడు ముఖం లేకుండానే చెప్పే దారి వెతకాలి. పుస్తకాల సంచి, మూసి ఉన్న బడి తలుపు, ఖాళీ కుర్చీ ఏదైనా కావచ్చు. అయితే బొమ్మ చూసి ఆ ఇంటిని గుర్తుపట్టేలా ఉండకూడదు.

మరుసటి ఏడాది అదే సభకి ఆ తల్లే ఒక ఫొటో ఇచ్చింది. కుర్రాడు స్నేహితుడి బండి మీద కూర్చుని నవ్వుతున్నాడు. దాన్నే పెద్దది చేశాను. "ఆ చొక్కా నేనే కొన్నా" అని పక్కనున్నవాళ్లకి చూపించుకుంది. ఆ నవ్వు చూశాక, పోయినవాడు ఎవరో సభకి వచ్చినవాళ్లకి తెలిసింది. వాళ్లు అడిగిన ప్రశ్నలు కూడా మారాయి.

బొమ్మే మాట్లాడాలి

బొమ్మ విషయంలో నేను మళ్లీ మళ్లీ తిరగేసే పుస్తకం 2011లో నవయాన ప్రచురించిన 'భీమాయన'. అంబేడ్కర్ జీవితాన్ని పర్ధాన్ గోండ్ కళాకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అందులో బొమ్మలుగా వేశారు. మామూలు కామిక్స్‌లో లాగా మనుషుల్ని గడుల్లో బంధించలేదు. మెత్తని మాటల బుడగలు పక్షి ఆకారంలో ఉంటాయి. కులవిషం కక్కే మాటల బుడగలకి తేలు కొండి ఉంటుంది. మాట చదవకముందే అది ఎలాంటిదో కంటికి తెలిసిపోతుంది. నెత్తురు చుక్క ఒక్కటి లేకుండా హింసని చూపించడం నేను అక్కడే నేర్చుకున్నాను.

తెలుగు అక్షరానికి చోటు కావాలి

తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. ఇంగ్లీషుకి సరిపోయే ఎడం పెడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల్ని గుద్దుకుంటాయి. అందుకే వరుసల మధ్య ఎడం ఎక్కువ ఇస్తాను. ఇల్లస్ట్రేటర్, ఇన్‌డిజైన్ వాడేవాళ్లు వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవాలి, లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఒక అమరుడి పేరులో ఒత్తు విరిగితే అది చిన్న తప్పు కాదు. పేరు తప్పుగా రాయించుకోవడం మనవాళ్లకి బడి రిజిస్టర్ల దగ్గర్నుంచీ అలవాటైపోయింది. మన పోస్టర్‌లో కూడా అదే జరగకూడదు.

ఫ్లెక్స్ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లు నడుస్తున్నాయి. అవి అచ్చుకి బాగుంటాయి కానీ, ఆ మ్యాటర్ కాపీ చేసి వెబ్‌సైట్‌లో పెడితే పిచ్చి గుర్తులవుతాయి. అందుకే ప్రతి పోస్టర్ మ్యాటర్‌నీ యూనికోడ్‌లో విడిగా దాచుకుంటాను. సోషల్ మీడియాలో బొమ్మ కింద అదే మ్యాటర్ పెడతాను. చూపులేని మిత్రుల ఫోన్ బొమ్మలోని అక్షరాల్ని చాలాసార్లు చదవలేదు, విడిగా టైపు చేసింది చదివి వినిపిస్తుంది. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, రామరాజా లాంటి యూనికోడ్ తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి.

నీలం ఊదా కాకూడదు

1942లో ఏర్పడిన షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ జెండా రంగు నీలం. అప్పటి నుంచి అది మన రంగు. కానీ తెర మీద మెరిసే నీలం అచ్చులో ఊదాగా మారిపోతుంది. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రెస్ నాలుగు సిరాలు కలిపి రంగు తెస్తుంది. సయాన్, మెజెంటా రెండూ 100 పెడితే ఊదా ఖాయం. నేను సయాన్ 100, మెజెంటా 70కి మించకుండా పెట్టి, ముందు ఒక కాగితం మీద తీయించి చూస్తాను.

గోడకి అతికించాక 30 అడుగుల దూరం నుంచి చదవాలంటే అక్షరం కనీసం 3 అంగుళాల ఎత్తుండాలి. ఆఖరి పరీక్ష మాత్రం మా అమ్మ. డిగ్రీలు చదవని ఆమెకి పోస్టర్ చూపించి, "ఏం అర్థమైందమ్మా?" అని అడుగుతాను. ఆమె తడబడితే మళ్లీ కాగితం దగ్గరికి వెళ్తాను.

పోస్టర్ తర్వాత

2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టళ్ల నుంచి బయటికి పంపిన ఐదుగురు దళిత విద్యార్థులు క్యాంపస్ ఆరుబయట వెలివాడ కట్టారు. మన నాయకుల బొమ్మలున్న ఫ్లెక్సీలే దానికి గోడలయ్యాయి. హాస్టల్ సామాన్లతో నడిచివస్తున్న రోహిత్ వేముల చేతుల్లో అంబేడ్కర్ పటం ఉంది. ఆ పటం, ఆ ఫ్లెక్సీలు తయారు చేసినవాళ్లకి అవి ఎక్కడికి చేరతాయో తెలిసి ఉండదు. మనం చేసేది రేపు ఎవరికి గోడవుతుందో మనకీ తెలియదు.

అందుకే విద్యార్థులకి ఒక మాట. రేపు పొద్దున్నకే పోస్టర్ కావాలన్నా, ఒక్క గంట ఇంటివాళ్లతో మాట్లాడటానికి ఉంచండి. మీ ఫైళ్లు తేదీ, ఊరు, సందర్భం రాసి దాచండి. ఫ్లెక్సీ ఎండకి వెలిసిపోతుంది, ఎవరో చింపేస్తారు. ఫైలు ఉంటే మళ్లీ అచ్చు వేయొచ్చు.

జై భీమ్.