బ్రేకు ద్రవం – భద్రత

చెన్నై, కోల్‌కతా నగరాలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారి నెల్లూరు మీదుగా సాగుతుంది. ఆ దారిన పోయే కారు బరువు టన్నుకు అటూ ఇటుగా ఉంటుంది. చోదకుడు పాదంతో పెడలు నొక్కగానే అది ఆగుతుంది. అంతటి బలం ఆ పాదానికి ఎట్లు వచ్చింది?

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్లేజ్ పాస్కల్ 17వ శతాబ్దంలో వివరించిన సూత్రమే ఇందుకు ఆధారం. మూసి ఉన్న ద్రవంపై కలిగించిన పీడనం అన్నివైపులకూ సమానంగా వ్యాపిస్తుంది. పెడలు నొక్కినప్పుడు మాస్టర్ సిలిండరులో పుట్టిన పీడనం బ్రేకు ద్రవం ద్వారా చక్రాల వద్దనున్న పెద్ద పిస్టన్లకు చేరి, అధిక బలాన్నిస్తుంది. ప్యాడ్లు డిస్కును ఒరుసుకొనగా చలనశక్తి ఉష్ణంగా మారుతుంది.

ఆ ఉష్ణంలోనే అపాయమున్నది. సాధారణ బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొంటుంది. డాట్ 3 ప్రమాణం ప్రకారం కొత్త ద్రవం మరిగే ఉష్ణోగ్రత కనీసం 205 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తేమ చేరిన ద్రవానికి ఆ హద్దు 140 డిగ్రీలే. ద్రవం మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ఆవిరి సులభంగా అణగిపోతుంది గనుక పెడలు పూర్తిగా నొక్కినా బ్రేకు పట్టదు. మైపాడు, కృష్ణపట్నం వంటి తీరగ్రామాల తేమగాలిలో ఈ జాగ్రత్త మరింత అవసరం. తయారీదారు సూచించిన గడువులోగా, సాధారణంగా రెండేళ్లకొకసారి, ద్రవాన్ని మార్పించాలి. ఎంతోకాలం క్రితం మూత తీసిన డబ్బాలోని ద్రవాన్ని వాడరాదు.

ఈ ద్రవం విషపూరితం. కంటికి హాని చేస్తుంది. కారు రంగును పాడుచేస్తుంది. చేతికి తొడుగులు ధరించి దీనిని వాడాలి. తాగునీటి సీసాలలో నిల్వ చేయరాదు. పాత ద్రవాన్ని కాలువలో పారబోస్తే చేపలకు, రొయ్యలకు ముప్పు. దానిని విడిగా డబ్బాలో భద్రపరచి, వ్యర్థాలను సేకరించేవారికి అప్పగించడం ప్రతి వాహనదారుని బాధ్యత.