మీకు తెలుసా? మీ కారు టైరు పుట్టిన వారం దాని మీదే ఉంటుంది

టైరు పక్కగోడ మీద 'డాట్' (DOT) అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2324 అని ఉంటే అది 2024లో 23వ వారం తయారైన టైరు. కొత్త టైరు కొనేటప్పుడు ధర కంటే ముందు ఈ అంకెలు చూడండి. వాడకుండా ఉంచినా రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది.

టైరు వయసుతో పాటు అందులోని గాలి కూడా చూడాలి, ముఖ్యంగా వేగంగా వెళ్లే రోడ్లెక్కే ముందు. మన హైదరాబాద్ శివార్లలో మేడ్చల్ మీదుగా 44వ జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి వెళ్తాయి. రెండు చోట్లా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కొచ్చు. ఆ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగ పరిమితి 2023లో గంటకు 120 కిలోమీటర్లకు పెరిగింది. ఆ వేగంలో, ఎండాకాలంలో, గాలి తక్కువైన టైరు బాగా వేడెక్కి పేలిపోవచ్చు. అందుకే బండి చల్లగా ఉన్నప్పుడే, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్‌లో ఉన్నంత గాలి పట్టించాలి.

అరుగుదలే జబ్బు చెబుతుంది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, మధ్యలో అరిగితే ఎక్కువ. ఒకే పక్క అరిగితే వీల్ అలైన్‌మెంట్ చేయించాలి.

గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టప్రకారం టైరు మార్చాల్సిందే. నా మాట వింటే వానాకాలానికి ముందే, 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయండి.

రెండే కొంటున్నారా? ముందు చక్రాలతో నడిచే కారైనా సరే, కొత్తవి వెనక్కే వేయించండి. తడి రోడ్డు మీద వెనక భాగం జారితే కారును అదుపు చేయడం చాలా కష్టం.