హంతకుడెవరో తెలిశాక చదవడం

అపరాధ పరిశోధక కథను తెరమీద చూసినవాడు మళ్ళీ పుస్తకం పట్టడం దండగని చాలామంది అభిప్రాయం. ఆ సాహిత్యమంతా ‘ఎవరు చేశారు?’ అన్న ఒక్క ప్రశ్నమీదే నిలబడుతుందనీ, జవాబు తెలిశాక మిగిలేది పొట్టేననీ వారంటారు. ఈ వాదాన్ని ఒక ఉదాహరణతో పరీక్షిద్దాం.

బాసు ఛటర్జీ దర్శకత్వంలో ‘బ్యోమకేశ్ బక్షీ’ హిందీ ధారావాహిక 1993లో దూరదర్శన్‌లో వచ్చింది. బడికి పోయే వయసులో దాన్ని ఎంతో ఇష్టంగా చూశాను. శరదిందు బందోపాధ్యాయ బెంగాలీలో రాసిన మూలకథలను ఏళ్ళ తర్వాత ఇంగ్లీషు అనువాదంలో చదివాను.

‘సత్యాన్వేషి’ కథ చూడండి. కలకత్తాలో ఒక మెస్సు. దాని యజమాని అనుకూల్‌బాబు హోమియో వైద్యుడు, పదిమంది గౌరవించే మనిషి. ఆ పేటలో హత్యలు జరుగుతుంటాయి. అతుల్ అనే యువకుడు వచ్చి అజిత్ గదిలో దిగుతాడు. కథ చెప్పేది అజితే. అతనికి తెలిసినంతే మనకూ తెలుస్తుంది. డాక్టరుమీద అతనికున్న నమ్మకం మనకూ అంటుకుంటుంది. అతుల్ ఎవరో అతనికీ తెలియదు, మనకూ తెలియదు.

తెరమీద ఈ శిల్పం సాగదు. కెమెరాకు ‘నేను’ అనడం కష్టం. అతుల్ అని పేరు చెప్పుకున్నా ఆ ముఖం రజిత్ కపూర్‌ది. బ్యోమకేశ్ అతనేనని ప్రేక్షకుడు వెంటనే పోల్చుకుంటాడు. అలా పోయిన ఆశ్చర్యం స్థానంలో ధారావాహిక నటననూ వాతావరణాన్నీ నిలబెట్టింది. ఇది మాధ్యమాల మధ్య ఉన్న భేదం. దీన్ని లోపమనలేం.

ముగింపు తెలిసి చదివినందువల్ల నాకు కలిగిన లాభం మరొకటుంది. డాక్టరు మంచితనాన్ని రచయిత ఎంత జాగ్రత్తగా పేర్చుకుంటూ వచ్చాడో కనిపించింది. ఆ మంచితనమే అతని కొకైన్ వ్యాపారానికి కవచం. మొదటిసారి చదివేవాడు హంతకుడి వెంట పరుగెడతాడు. చూసి వచ్చినవాడు మొదటి పఠనంలోనే రెండో పఠనం చేస్తాడు. ఇది మనకు కొత్తేమీ కాదు. మా జనగామ ప్రాంతపు మాణిక్యపురం వాడైన చుక్క సత్తయ్య ఒగ్గుకథ చెబుతుంటే, మల్లన్న కథ తెలిసినవాళ్ళే కూర్చుని విన్నారు. ఏం జరుగుతుందో వారికి తెలుసు. ఎలా చెబుతాడోనని విన్నారు.

అయితే శిల్పం దగ్గరే ఆగిపోతే విమర్శ సగమే అవుతుంది. డాక్టరు పట్టుబడగానే ‘సత్యాన్వేషి’లో లోకం చక్కబడినట్టే. కొకైన్ కొనే జనం ఎవరు, వారినా స్థితికి తెచ్చిందేమిటి అన్న ప్రశ్న కథ బయటే ఉండిపోతుంది. దీని పక్కన రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ పెట్టి చూడండి. అక్కడా నేరముంది, పోలీసులున్నారు, కోర్టు ఉంది. కాని ఒక్కణ్ణి పట్టుకుంటే తీరే జబ్బు కాదది. న్యాయవాదిగా కోర్టుల్ని దగ్గరగా చూసిన ఆయన నేరాన్ని వ్యవస్థలోనే చూపించాడు. డిటెక్టివ్ కథ ముగిసేచోట రావిశాస్త్రి కథ మొదలవుతుంది.

మన నవలలూ ఇప్పుడు తెరకెక్కుతున్నాయి. మల్లాది వెంకటకృష్ణమూర్తి ‘తొమ్మిది గంటలు’ నవల 2022లో ‘9 అవర్స్’ పేరుతో వెబ్ సిరీస్‌గా వచ్చింది. ఇలాంటివి చూసిన విద్యార్థులు నవలలకూ వెళ్ళాలి. కథ ఎవరి గొంతులో నడిచింది? తెరకెక్కేటప్పుడు ఏది రాలిపోయింది? నేరంవల్ల బాగుపడిందెవరు, శిక్ష పడిందెవరికి? ఈ ప్రశ్నలతో చదివితే థ్రిల్లరు కూడా సమాజాన్ని చూపిస్తుంది. రాయబోయే వారికి అంతకన్నా మంచి అభ్యాసం ఉండదు.