గడియారం ఒక్కటే, పొద్దు ఏ ఊరికి ఆ ఊరిదే

రమజాన్ వేళల పట్టిక ముద్రణకు సహాయం చేసే దాతలు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "దేశమంతా ఒకే టైము కదా, ఊరికొక పట్టిక ఎందుకు?" జవాబు తెలియాలంటే మన గడియారాల చరిత్ర కొంత చూడాలి.

భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. అందుకే తూర్పు ఊళ్లకు పొద్దు ముందు వస్తుంది. పూర్వం ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. రైళ్లు వచ్చాక చిక్కు మొదలైంది. ఊరికొక వేళ ఉంటే రైళ్ల రాకపోకలు సాగవు. బొంబాయికీ కలకత్తాకూ నడుమ ఉన్న మద్రాసులో 1792 నాటి నక్షత్రశాల ఉంది. రైల్వేలు ఆ మద్రాసు టైమునే పాటించాయి. టెలిగ్రాఫ్ తీగలు దాన్ని స్టేషన్లకు చేరవేశాయి.

1884లో వాషింగ్టన్ సమావేశం గ్రీనిచ్‌ను ప్రపంచానికి మూలరేఖగా ఎంచింది. 1906 జనవరి 1 నుంచి 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా, గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందుండే భారత ప్రామాణిక కాలం అమలైంది. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. అయితే అందరూ వెంటనే ఒప్పుకోలేదు. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా సొంత టైమును వదల్లేదు. కొత్త టైము బొంబాయి వేళకు 39 నిమిషాలు ముందుండేది మరి! నేడు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల అణుగడియారాలతో దేశకాలాన్ని కాపాడుతోంది.

గడియారం ఒకటైంది కానీ పొద్దు ఒకటి కాలేదు. విశాఖపట్నం కంటే హైదరాబాద్‌లో సూర్యోదయం, సూర్యాస్తమయం దాదాపు 19 నిమిషాలు ఆలస్యం. హైదరాబాద్ పట్టిక చూసి విశాఖలో సహరీ చేస్తే తెల్లవారుజాము దాటిపోతుంది. విశాఖ పట్టికతో హైదరాబాద్‌లో ఇఫ్తార్ చేస్తే పొద్దు గుంకకముందే ఉపవాసం విరమించినట్లవుతుంది. జుహర్ సంగతీ అంతే. హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది నవంబరు మొదట్లో సుమారు 12 గంటలకైతే, ఫిబ్రవరి మధ్యలో సుమారు 12.30కు.

ప్రామాణిక కాలం మనుషులు సౌకర్యం కోసం చేసుకున్న ఒప్పందం. రైలుకు, ఆఫీసుకు, బడికి దాన్ని పాటిస్తాం. నమాజు, ఉపవాసాల వేళలు మాత్రం సూర్యగమనాన్ని బట్టే. కనుక పట్టికలకు ఖర్చు భరించే సోదర సోదరీమణులకు మా విన్నపం ఒక్కటే: అచ్చుకు పంపేముందు అది ఏ ఊరికి లెక్కగట్టినదో అడగండి. ఆ ఊరి పేరు పట్టిక తలభాగాన ముద్రించమనండి. పొరుగు జిల్లాకు పంచేటప్పుడు అక్కడి వేళలతో వేరే పట్టిక వేయించండి. మీ దానం ఒక్క ఉపవాసికైనా సరైన వేళ చూపితే అది సార్థకమైనట్లే.