ఎర్రచందనం నారు పోయాలంటే

మా రాచర్ల వైపు రైతు నర్సరీకి వస్తే ముందు అడిగేది ఒకటే: "అన్నా, ఎర్రచందనం ఎన్నేళ్లకు కోతకొస్తాది?" చేవ కట్టడానికి ఇరవై, ఇరవై ఐదేళ్లన్నా కావాలంటే సగం మంది జామాయిల్ వేసుకుంటామని వెళ్లిపోతారు. మిగిలిన వాళ్లతోనే నాకు పని.

ఈ చెట్టు ప్రపంచం మొత్తంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, లంకమల, వెలిగొండలు, మా గిద్దలూరు వైపు నల్లమల. ఆయుర్వేదంలో దీన్నే రక్తచందనం అంటారు. జపాన్‌లో వాయిద్యాలకు, చైనాలో ఖరీదైన సామానుకు గిరాకీ. ఆ గిరాకీయే దాని కొంప ముంచింది. 1995లోనే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం దీని విదేశీ వ్యాపారానికి కళ్లెం వేసింది.

పసుపు పూలు వేసవిలో పూస్తాయి. కాయ ముదిరి ఎండేది మళ్లీ ఫిబ్రవరి, మార్చికి. చుట్టూ రెక్కతో చిన్న అప్పడంలా ఉంటుంది. లోపల ఒకటి, అరుదుగా రెండు గింజలు. పైతొక్క మొండిది. అందుకే రెక్క కత్తిరించి, మూడు రోజులు పేడనీళ్లలో నానేసి, ఎత్తుమడిలో పోసి గడ్డి కప్పుతాం. రెండు వారాలకు మొలకలు మొదలవుతాయి గానీ అన్నీ ఒక్కసారి రావు. నెల దాటాక కూడా ఒకటీ అరా తల ఎత్తుతుంటాయి. ఎన్ని కాయలేస్తే అన్ని మొక్కలని లెక్కేసుకునేవాళ్లు ఈ పనిలో నిలవరు.

నాటిన తొలి ఏళ్లలో ఎండలకు పైకొమ్మ మాడితే చచ్చిందని పీకేస్తారు. పీకొద్దు. వేరు బతికే ఉంటుంది, తొలకరికి చిగురిస్తుంది. నీరు నిలిచే చేలో మాత్రం అసలు నాటొద్దు. దానికి రాళ్లున్న ఎర్రనేలే సరి.

నేను పట్టుబట్టేది తల్లిచెట్టు దగ్గర. దొంగలు కొట్టేది నిటారుగా, లావుగా, చేవతో ఉన్నవాటినే. అడవిలో మిగిలేవి వంకరవి, సన్నవి. వాటి కింద రాలిన కాయలే ఏరి నారు పోస్తే రేపటి తోటలూ అలాగే వస్తాయని నా భయం. కొమ్మ నాటుదామంటే ముదురు చెట్టు కొమ్మ అంత తేలిగ్గా వేరు పట్టదు. కాబట్టి మంచి చెట్లు చూసి, ఒక్కదానివి కాక చాలా చెట్ల కాయలు కలిపి పోయాలి.

2019లో కేంద్రం పట్టా భూముల్లో పెంచిన ఎర్రచందనం ఎగుమతికి దారి ఇచ్చింది. అయినా కొట్టాలన్నా, తరలించాలన్నా అటవీశాఖ అనుమతి తప్పదు. నాటిన ఏడాదే చెట్ల లెక్క రికార్డుల్లో రాయించుకోండి. నారు కొన్న రసీదు పారేయకండి.