తెర మీద అక్షరాలు ఏనుగులైన వేళ

దాళ్వా ధాన్యం డబ్బుతో మా నాన్నగారు కొనిపెట్టిన పాత కంప్యూటరు అది. ప్రాజెక్టు రికార్డు ఇవ్వడానికి మూడు రోజులుందనగా, గ్రాఫిక్స్ డ్రైవరు ఎక్కిస్తూ ఉండగా ఆత్రేయపురంలో కరెంటు పోయింది. వచ్చాక చూస్తే అక్షరాలు ఏనుగులంత! ఎన్నిసార్లు ఎక్కించినా "విఫలమైంది" అన్న మాటే. బాగుచేసే అతను చూసి "కార్డు కాలిపోయిందండీ, కొత్తది వెయ్యాల్సిందే" అన్నాడు. నాన్నగారు ఏమీ అనలేదు. ఎరువుల అప్పు లెక్కేసుకుంటున్నారని నాకు తెలుసు.

డ్రైవరంటే విండోస్‌కూ కార్డుకూ మధ్య దుబాసీ. కార్డు పూర్తిగా కాలితే బొమ్మే రాకూడదు గదా అని నా అనుమానం. డివైస్ మేనేజర్ తెరిస్తే "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే ఎడాప్టర్" అని ఉంది. అది విండోస్ పెట్టుకున్న తాత్కాలిక దుబాసీ. అసలు డ్రైవరు సగంలో ఆగి, దాని ముక్కలు కొత్తదానికి అడ్డం పడుతున్నాయన్నమాట. మా ఊళ్ళో పూతరేకులు తీసేవారు కుండకు అంటుకున్న ముక్కను తుడవందే మళ్ళీ పిండిగుడ్డ వెయ్యరు. ఇదీ అంతే.

కార్డు నంబరుకు, 64 బిట్ విండోస్‌కు సరిపడే ఫైలు ముందే దింపుకున్నాను. (32 బిట్‌కు కొత్త తరం డ్రైవర్లు ఇవ్వడం ఎన్విడియా 2018లోనే మానుకుంది.) ఇంటర్నెట్ తీసేశాను; లేకపోతే విండోస్ మధ్యలో తనకు తోచింది ఎక్కించేస్తుంది. షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ కొట్టి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా వెళ్ళి, మళ్ళీ రీస్టార్టయ్యాక 4 నొక్కితే సేఫ్ మోడ్. అక్కడ డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత ప్రోగ్రాముతో పాత ముక్కలన్నీ ఊడ్చి, మామూలుగా తెరిచి కొత్తది ఎక్కించాను.

తెల్లవారుజామున అక్షరాలు చిన్నవయ్యాయి. చేలోకి బయల్దేరుతున్న నాన్నగారు గుమ్మంలో ఆగి, "అయితే కార్డు కొనక్కర్లేదా?" అన్నారు.